కాన్వెంటు

పామర్రు సెంటర్‌లో పొద్దున్నే పిల్లల వ్యాన్లు బయల్దేరే వేళ వినిపించే ప్రశ్న: "మీవాడు కాన్వెంటుకా, బళ్లోకా?"

లాటిన్‌లో 'కన్వెంటుస్' అంటే పదిమంది ఒకచోట కూడడం. అది క్రైస్తవ సన్యాసినులుండే మఠానికి పేరైంది. వాళ్లు పాఠశాలలు నడిపారు; విజయవాడ పటమటలో నిర్మలా కాన్వెంటు పేరు రోడ్డుకే స్థిరపడింది. ఆ తర్వాత మన ఊళ్లలో మఠం లేకపోయినా, సిస్టర్లు లేకపోయినా, టై కట్టించి ఇంగ్లీషు మీడియంలో పాఠాలు చెబితే చాలు, కాన్వెంటే.

ఈ మాట వచ్చి పక్కన చేరాక పాత మాట చిక్కిపోయింది. అందరిదీ అయిన 'బడి' ఇప్పుడు ఫీజు కట్టలేనివాళ్ల చోటు. ఒకే ఇంట్లో కొడుకు కాన్వెంటుకీ, కూతురు బడికీ వెళ్లడం మన పల్లెల్లో కొత్త కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇంటి తేడా బడిలో ఎలా ముదురుతుందో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్దియూ, సహరచయిత పాసెరోన్‌తో కలిసి 1970లో రాసిన పుస్తకంలో చెప్పాడు: ఇంటి నుంచి వచ్చిన భాషను, అలవాట్లను బడి ప్రతిభగా లెక్కగట్టి మార్కులేస్తుంది. కూలి ఇంటి పిల్ల వెనకబడితే తెలివి తక్కువంటాం.

ఈ తేడాను కొంతైనా దాటే దారి ఒకటుంది: 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంది. మీ వీధిలో అర్హులైన పిల్లలుంటే దరఖాస్తు పెట్టించండి. ముందు ఆడపిల్ల పేరు రాయించండి.