ఎదో నగరపు ఐరిస్ తోటలు

జపాను దేశపు చిత్తడి పచ్చికబయళ్లలో, వానకారు ప్రవేశించు జూను మాసమున, రేకుల మొదట పసుపుపచ్చని చారతో ఎఱ్ఱజాయగల ఊదాపూలు పూచు అడవి ఐరిస్, ‘నోహనషోబు’, ఎవ్వరును నాటకయే పెరుగును. ఆ వన్యపుష్పమును ఉద్యానములకు అలంకారముగా మలచినవారిలో అగ్రగణ్యుడు, ఎదో (నేటి టోక్యో) నగరమున సైనిక పాలకుడైన షోగును కొలువులోని సమురాయి మత్సుదైర సదతొమొ (1773–1856). విత్తులు చల్లి, పూచినవానిలో మేలైనవానిని ఏఱి, వాని విత్తులనే మరల చల్లుచు, ఫలితమునకై ఏండ్ల తరబడి వేచియుండి, ఆయన వందలకొలది రకములను సృష్టించెను. ఖడ్గధారియైన వాని కింతటి ఓర్పు అలవడుటయే నాకు పరమాశ్చర్యకరము.

కుమమొతొ ప్రభువు కోరగా ఆయన యొసగిన మొక్కలు, పైవారికి ఈయరాదను కట్టుబాటునకు లోబడి, అచ్చట కుండీలలో, గదిలో కూర్చుండి చూచుటకై పెంపబడినవి. ఎదో శివారున హొరికిరి తోటలలోనివో, తడినేలలో గుంపులుగా నాటబడి, సామాన్యజనులకును నేత్రపర్వము గావించినవి. చిత్రకారుడు హిరోషిగె 1857లో తన చిత్రమాలిక యందు చిత్రించినది ఈ హొరికిరి పూలనే.