టేపులలోని పెద్దల గొంతులు

తమిళనాటను, కన్నడసీమలోను, ఒడిశాలోను తరతరములుగా కాపురమున్న మన తెలుగిండ్లలో, అటకమీదనో బీరువా యడుగుననో కొన్ని పాత కాసెట్టులు పడియుండును. అవ్వ పాడిన మంగళహారతి, తాతగారు చెప్పిన ఊరి ముచ్చట, పెండ్లి మేళము వానిలో నుండును. మన పిల్లలు బడిలో చదువని తెలుగు, అచ్చుకెక్కని యాస ఆ నాడాల మీదనే నిలిచియున్నది. ఇప్పుడు పలువురు వానిని కంప్యూటరులోని కెక్కించుచున్నారు. ఎక్కించునప్పుడు ధ్వని యేల పగులునో తెలియవలెనన్న టేపు చరిత్రను కొంత తడవవలసియున్నది.

1928లో జర్మనీ దేశస్థుడు ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ అయస్కాంతపు పొడి పూసిన కాగితపు నాడాకు పేటెంటు పొందెను. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున మాగ్నెటోఫోను యంత్రము వెలువడెను. 1963లో ఫిలిప్స్ వారి చిన్న కాసెట్టు వచ్చిన పిమ్మట ఈ విద్య సామాన్య గృహములకు చేరినది.

టేపునకు ఒక దోషము, ఒక గుణము కలవు. దోషము బుస. మెల్లగా నింపిన పాట ఆ బుసలో మునిగిపోవును. అందుచే సూది యెఱ్ఱగీత దాటినను వెఱవక గట్టిగా నింపుట ఆనాటివారి కలవాటయ్యెను. గుణమేమనగా, హద్దు మీఱిన శబ్దమును సయితము టేపు ఒక్కమారు త్రోసివేయదు. తరంగ శిఖరములను మెల్లగా వంచి, తనలో నిముడ్చుకొనును.

అంకెల పద్ధతికి ఈ దాక్షిణ్యము లేదు. 1938లో అలెక్ రీవ్స్ అను ఇంగ్లీషు ఇంజనీరు ధ్వనిని అంకెలుగా మార్చు పద్ధతికి పేటెంటు పొందెను. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు, సెకనునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో నొకదానిపై నిలుపును. పైమెట్టు దాటిన పిదప మఱొక మెట్టు లేదు. శిఖరము కత్తితో కోసినట్లు చదునగును. దీనినే క్లిప్పింగు అందురు. తరువాత ధ్వనిని తగ్గించినను తెగిన శిఖరము మరల మొలవదు.

ఇది తెలియక మేమును ఒక పెండ్లి కాసెట్టును చెఱచితిమి. టేపు రికార్డరు నుండి తీగెను కంప్యూటరు మైకు రంధ్రమున గ్రుచ్చితిమి. అది మెల్లని మైకు ధ్వనిని పెంచుటకై యేర్పడినది. టేపు ధ్వనికి లైన్-ఇన్ రంధ్రము వేఱుగా నున్నది. తెరమీద మట్టమును ఎంత దించినను నాదస్వరము రేకు డబ్బావలె మ్రోగెను. అంకెలగుటకు ముందే ధ్వని తెగిపోవుచున్నప్పుడు తెరమీద దించి యేమి లాభము!

రెండవమారు కాసెట్టునంతను ముందుగా ఒకసారి విని, అన్నిటికంటె పెద్ద ధ్వని యెచ్చటనో గుర్తించితిమి. పెండ్లి టేపులో దానికై వెదుక నక్కఱలేదు. మాంగల్యధారణ వేళ మ్రోగు గట్టిమేళమే. అచ్చట శిఖరము పైమెట్టునకు 12 డెసిబెళ్లు క్రిందుగా నుండునట్లు మట్టము నిలిపి, మఱి కదల్చలేదు. తనంతట తానే మట్టమును సవరించు ఏర్పాటును కూడ ఆపివేసితిమి. యంత్రముపై సూదిని నమ్మలేదు. అది సగటును చూపునదే గాని, డోలు దెబ్బ సూది లేచులోపలనే దాటిపోవును.

ఇంత ఖాళీ విడిచిన ధ్వని పలుచనగునేమో యని కొందఱు శంకింతురు. కాసెట్టులో బుసకును పెద్ద ధ్వనికిని నడుమ ఎడము సుమారు 50, 60 డెసిబెళ్లు. 24 బిట్ల కొలతలో లెక్క ప్రకారము 144 డెసిబెళ్ల చోటున్నది. పండ్రెండు విడిచినను పోవునది లేదు. గట్టిగా నింపుమను పాత నీతి బుసకు మందు. బుసలేని చోట ఆ మందే రోగము. అయితే టేపు నింపిననాడే చెడిన ధ్వనిని ఈ జాగ్రత్త బాగుచేయజాలదు.

కాసెట్టును పాఱవేయక దాచితిమి. క్రొత్త ప్రతిలో గట్టిమేళము నడుమ, మొదటి ప్రతిలో వినరాని మా మేనత్తగారి కేక వినవచ్చినది: "అచ్చింతలు ఈడికి తేండ్రా!"