ఉలవల బస్తా, ఇసక సంచి

మొన్న పొద్దున్నే మా తమ్ముడి కొడుకు యూరియా సంచిలో ఇసక పోసి, భుజానికెత్తుకుని కళ్ళంలో గుంజీలు తీస్తున్నాడు. ఆర్మీ సెలక్షన్‌కి తయారవుతున్నాడు లెండి. "కొత్త పద్ధతి పెదనాన్నా, ఫోన్లో చూశాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంక్రాంతికి సంగిడి రాయి, ఉలవల బస్తా ఎత్తే పోటీలు ఈ ఫోన్లు పుట్టకముందు నుంచీ ఉన్నాయి. సంగిడికి పట్టుకోడానికి పిడి ఉంటుంది. బస్తాకి అదీ ఉండదు. ఉలవలు లోపల జారిపోయి బరువు ఒక పక్కకి లాగేస్తుంది. నడుం, తొడలు, వేళ్ళు అన్నీ కలిస్తేనే అది లేస్తుంది. ఇసక సంచి కిటుకూ అదే. వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడు గారు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఈ వైపు వాళ్ళే.

మాకు మాత్రం బస్తా ఆట కాదు, పని. పాత బెంగాలు మణుగు 37 కిలోల పైచిలుకు, రెండు మణుగులు కలిపితే 75 కిలోలకి దగ్గర. మా ధాన్యం బస్తా తూకమూ అంతే. 100 కిలోల గోనె బస్తాలు మోసిన కలాసీలనీ చూశాను. మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసిందట. ఆ మాట మా మిల్లు దాకా ఎవరు తెచ్చారు? ఇరవై రెండేళ్ళప్పుడు బండి మీదికి బస్తా విసురుగా ఎత్తి నడుం పట్టించుకున్నా. ఇప్పటికీ నాట్లప్పుడు అది గుర్తుచేస్తుంది.

అందుకే వాడి సంచి కాటా మీద పెట్టించా. "సంచి మీద 45 అని రాసుంది, ఇంకా నిండలేదు కూడా" అన్నాడు. కాటా 68 చూపించింది! యూరియా తేలిక, ఇసక బరువు. అదే సంచి మూతి దాకా ఇసక పోస్తే 90 కిలోలకి పోతుంది. తడి ఇసకైతే ఇంకా ఎక్కువ.

ఇద్దరం కూచుని మళ్ళీ కట్టాం. ఇసక జల్లించి ఎండబెట్టి, ఐదేసి కిలోలు చిన్న మందపాటి కవర్లలో పోసి మూతులు గట్టిగా బిగించాం. నాలుగు కవర్లు గోనె సంచిలో వేసి, కాస్త ఖాళీ వదిలి, దబ్బనంతో పురికొస కుట్టు వేశాం. ప్లాస్టిక్ సంచి ఒక్కటే వాడకండి, ఎండకి పెళుసెక్కి నెత్తిమీదే చిరుగుతుంది. ఇరవై కిలోలు అలవాటయ్యాక ఇంకో కవరు వేస్తానని ఒప్పుకున్నాడు. మిగిలిన ఇసక పశువుల పాక ముందు గుంతలో పోశాం.