అరకు లోయ గిరిజన వంశావళి ఆధారాలు

అరకు లోయ, తూర్పు కనుమల గిరిజన కుటుంబాల పూర్వీకులను గుర్తించడానికి ఉపకరించే ఇంటిపేర్లు, స్మారక శిలలు, పెద్దల మౌఖిక సాక్ష్యం, ప్రభుత్వ రికార్డుల సముదాయం. ఇంగ్లండులో 1538 నుంచి చర్చిలు నిర్వహించిన బాప్టిజం, వివాహ, ఖనన రిజిస్టర్ల వంటివి ఇక్కడి గ్రామాలకు లేవు. అందుచేత అన్వేషణ ఇంటిపేరుతో మొదలవుతుంది. కిల్లో పులికి, కొర్రా సూర్యుడికి, పాంగి గద్దకు, గొల్లోరి కోతికి సంబంధించినవి. ఒకే ఇంటిపేరువారు అన్నదమ్ముల వరస. వారి మధ్య పెళ్లి నిషిద్ధం. ఈ పేర్లు ఒకటికి మించిన తెగల్లో కనిపిస్తాయి కాబట్టి తెగ, ఊరు తెలియకుండా ఇంటిపేరు ఒక్కటే చాలదు. గదబ తెగవారు గోతర్ క్రతువులో చనిపోయినవారి కోసం రాళ్లు నిలుపుతారు. వాటిపై రాత ఉండదు, ఎవరి రాయి ఏదో పెద్దలే చెప్పాలి.

ఇక ప్రభుత్వ రికార్డుల సంగతి: 1839 చట్టంతో ఈ కొండలు ఏజెన్సీ అనే ప్రత్యేక పాలనలోకి వచ్చాయి. శిస్తు వసూలు ముఠాదార్ల (ముఠా అనే గ్రామ సముదాయాల పెద్దల) చేతిలో ఉండేది. జననమరణాల నమోదుకు ఇప్పటి ఆధారం 1969 నాటి చట్టం. అటవీ హక్కుల చట్టం (2006) కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది, పాత రికార్డుల్లోని వ్యక్తులతో కలిపే వంశవృక్షాన్నీ, రాతపూర్వకంగా నమోదైన పెద్దల వాంగ్మూలాన్నీ భూమి హక్కుకు సాక్ష్యాలుగా అంగీకరిస్తుంది.