గ్రామసభలో మన వంతు

ఏజెన్సీ చరిత్ర అనగానే మనకు పోరాటాలు గుర్తొస్తాయి. 1922 రంప, 1940 జోడేఘాట్ మన పిల్లల పాఠాల్లోనూ ఉన్నాయి. గ్రామసభ ఎలా వచ్చిందో మాత్రం తక్కువమందికి తెలుసు. మన పోడు పట్టాలు ఆ సభతోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి ఈ ఏడాది నివేదికలో ఆ సంగతి రాస్తున్నాం.

మన అమ్మమ్మల కాలంలో సంతకి మోసుకెళ్ళిన చింతపండుకీ, కొండచీపుర్లకీ ధర కట్టేది షావుకారే. ఉప్పుకీ బట్టకీ చేసిన అప్పు కింద భూములు పోయాయి. దీన్ని ఆపడానికి 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం చెప్పింది. అది మన భూమికి కంచె. కానీ ఊరివాళ్ళని కూర్చోబెట్టి అడగమని అందులో లేదు.

ఆ మాట 1996లో పెసా చట్టంతో వచ్చింది. తునికాకు, చింతపండు లాంటి చిన్న అటవీ ఫలసాయం మీద హక్కు గ్రామసభకీ, పంచాయతీలకీ ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. పోడు భూమి ఎవరిదో మొదట తేల్చేది గ్రామసభ. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రావాలి. ఒంటరి మహిళే ఇంటి పెద్దయితే ఆమె పేరునే రావాలి.

గ్రామసభ మాటకి బలం ఎంతో మన పక్కనున్న ఒడిశాలో తేలింది. నియమగిరి కొండమీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలనే అడగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్ళలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. 2012లో మార్చిన నిబంధనల ప్రకారం, అటవీ హక్కుల గ్రామసభకి ఊళ్ళో వయోజనుల్లో సగంమందైనా రావాలి. వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. లేకపోతే కోరం లేనట్టే. ఇంటింటికీ రిజిస్టర్ తిప్పి సంతకాలు తీసుకుంటే అది సభ కాదు. అలాంటి తీర్మానం మీద రేపు ఎవరైనా అభ్యంతరం పెడితే నష్టపోయేది పోడు చేసుకునే కుటుంబమే.

సభ నడపడం మనకి కొత్త కాదు. పొదుపు మీటింగులో గుండ్రంగా కూర్చుంటాం, హాజరు రాస్తాం, తీర్మానం చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో వేస్తాం. గ్రామసభలోనూ అంతే చెయ్యాలి.

సభ తేదీ తెలిసిన రోజే గ్రామ సమాఖ్య లీడర్లు అన్ని సంఘాలకీ కబురు పంపాలి. సంత రోజున పెడితే వేరే రోజు అడగాలి. ముందు వరసలో కూర్చుందాం. పుస్తకంలో రాసింది గట్టిగా చదివించుకున్నాకే సంతకం పెడదాం.