పటాన్‌చెరు పరిశ్రమలు – నక్కవాగు నీరు



పేరులోనే చెఱువును నిలుపుకొన్న ఊళ్లు మన సీమలో కొల్లలు. పటాన్‌చెరు అట్టిదే. కళ్యాణి చాళుక్యుల నాడు దానిని పొట్టలకెరె యనిరి. కన్నడమున కెరె యనగా చెఱువే. రాజులు మాఱిరి, భాష మాఱెను. పేరు మాత్రము నీటిని విడువలేదు. ఆ ప్రాంతపు నీటిని గైకొని నక్కవాగు మంజీరలో కలియును, మంజీర గోదావరిలో కలియును. ఆ వాగు క్రింద సేద్యము చేసిన రైతుల బిడ్డలకు నేను అక్షరములు దిద్దించితిని గనుక ఈ కథ నాకు పుస్తకములలోనిది మాత్రమే కాదు.

1960 దశకమున సోవియట్ దేశపు సహాయముతో బాలానగరమున ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ వారి మందుల కర్మాగారము వెలసెను. అచ్చట పని నేర్చిన రసాయనజ్ఞులు కొందఱు తరువాత స్వంత కర్మాగారములు స్థాపించిరి. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు గాక, మందు చేయు విధానమునకే హక్కు నిచ్చెను. కావున అదే మందును వేఱు మార్గమున చేయువారికి అడ్డు లేకపోయెను. మెదకు జిల్లా వెనుకబడినదని సర్కారు రాయితీ లిచ్చెను. హైదరాబాదు దాపుననే యుండెను. ఇట్లు 1970, 1980 దశకములలో పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పొగగొట్టములతో నిండినవి. అచ్చటి మందులు చవుకయై లోకమంతటికిని పోయినవి. మన పల్లెల జ్వరరోగులకును అందినవి. ఆ మేలును మఱచి మాటలాడుట న్యాయము గాదు.

అయితే అన్ని పరిశ్రమలును నీటిని ఒకే తీరున చెఱుపవు. రామచంద్రాపురపు భారీ విద్యుద్యంత్రముల కర్మాగారము వంటి చోట లోహమును కోసి, చెక్కి, కూర్తురు. చమురును, లోహపు పొట్టును వేఱుచేసి పట్టుకొనుట అంత కష్టము గాదు. మందుల పని అట్టిది కాదు. ఒక శేరు మందు దిగుటకు అనేక శేర్ల ద్రావకములును, ఆమ్లములును, లవణములును కావలెను. మందు పెట్టెలోనికి పోవును, తక్కినదానిలో చాలభాగము నీటితో బయటికి వచ్చును. ఆ నీటిని శుద్ధిచేసిన ఖర్చు యజమాని లెక్కలో పడును; శుద్ధిచేయని నష్టము రైతు పొలములో పడును. ఈ రెండు పద్దులును ఏనాడును ఒక్క పుస్తకమున ఎక్కలేదు. పరిశ్రమ దేనికి ముందు స్థాన మిచ్చినదో తెలియుటకు ఇంతకంటె వేఱు లెక్క యేల?

1980 దశకము నడుమ నాటికి రైతులు ఊరేగింపులు తీయసాగిరి. పటాన్‌చెరులో వైద్యము చేయుచుండిన డాక్టరు కిషన్ రావుగారు నాడి పట్టిన చేతితోనే అర్జీలు వ్రాసి దశాబ్దముల తరబడి పోరాడిరి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అను సంస్థ సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసెను. కోర్టు ఉత్తరువులచే రైతులకు పరిహారము లభించెను. 2001లో ఆ వ్యాజ్యము హైకోర్టునకును, పిమ్మట హరిత ట్రిబ్యునలునకును చేరెను. ఆ నడుమ నా పాత శిష్యు డొకడు తన బావినీటిని సీసాలో పట్టి తెచ్చెను. చిక్కని తేనీటి రంగున నుండెను. “పైసలు ముట్టినయి సారూ, నీళ్లే ముట్టరాకుంట అయినయి” అనెను.

1994లో కర్మాగారములు కూడి ఉమ్మడి శుద్ధికేంద్రము నేర్పఱచుకొన్నవి. మురుగు బండ్లలో అచ్చటికి చేరును. కంటికి కానరాని సూక్ష్మజీవులు దానిలోని మాలిన్యమును తినవలెను. సూక్ష్మజీవులను చంపుటకే చేసిన మందు ఆ మురుగులో కలసియున్నచో ఆ పని యెట్లు సాగును? 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులును శుద్ధియైన పిమ్మట వెలువడిన నీటినే పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిను లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని ప్రకటించిరి. ఆ మందు మ్రింగిన రోగి రక్తమునందును అంత యుండదు. దినమునకు వెలువడునది సుమారు 45 కిలోలని లెక్కకట్టిరి. స్వీడను దేశమంతయు ఐదుదినములు వాడు మందు అది! ఇట్టి నీటిలో చావక మిగిలిన క్రిములు మందునకు లొంగని వంశములను కనును. నేడు మన యింటి బిడ్డకు జ్వరమువచ్చి మందు పనిచేయనిచో దాని మూలములలో ఇదియు నొకటి కావచ్చును.

తరువాత 2009 నాటికి సుమారు 18 కిలోమీటర్ల గొట్టము వేసి, ఆ నీటిని నగరపు మురుగులో కలిపి, అంబరుపేట శుద్ధికేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగెను. అంబరుపేట నీరు మూసీలో పడును, మూసీ కృష్ణలో కలియును. గోదావరి పాలు కృష్ణకు పంచిపెట్టినట్లైనది! పెద్ద కర్మాగారములు కొన్ని మాత్రము మురుగును కాచి, ఇంకించి, చుక్కయు బయటికి విడువని యంత్రములు పెట్టుకొన్నవి. దానికి చట్టముయొక్క భయము కొంత, కొనువారి యొత్తిడి కొంత. 2019లో నార్వే ఆసుపత్రులకు మందులు కొనువారు ధరతోపాటు, ఆ మందు చేయుచోట నీటి గతి యేమని అడుగుట మొదలిడిరి. ఎక్కడి నార్వే, ఎక్కడి నక్కవాగు! మన రైతు ముప్పది యేండ్లు అడిగిన ప్రశ్నయే అది. అయినను కొనువాడు అడిగినప్పుడు దానికి బదులు దొరకెను.

పటాన్‌చెరులోనే, 1972లో స్థాపించిన ఇక్రిశాట్‌లో, చాలని వానతో జొన్నయు కందియు పండించు విధము లోకమునకు నేర్పుచున్నారు. సీసా తెచ్చిన నా శిష్యుడు ఇప్పుడు బావిమీద ఆశ వదలి, వానకు కంది విత్తుచున్నాడు. బావికి మూత వేయించినాడు. మోటారు మాత్రము విప్పలేదు.