బాక్టీరియాను కాపాడే అయాన్ మార్గాలు: ఒక ఆవిష్కరణ చరిత్ర

ఉప్పునీటిలో పెరిగిన ఇ. కోలై బాక్టీరియాను హఠాత్తుగా మంచినీటిలోకి మారిస్తే, ద్రవాభిసరణ వల్ల నీరు కణంలోకి చేరి పీడనం పెరుగుతుంది. అయినా ఎక్కువ కణాలు పగిలిపోవు. దీనికి కారణం ఏమిటి?

1987లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బోరిస్ మార్టినాక్, చింగ్ కుంగ్ తదితరులు, పరిశీలనకు వీలుగా ఇ. కోలైని పెద్ద గోళాకార కణాలుగా మార్చారు. సన్నని గాజు పిపెట్‌ను పొరకు ఆనించి పీల్చగా, పొర సాగి అయాన్ మార్గాలు తెరుచుకున్నాయి. ఇవే యాంత్రిక సంవేదక మార్గాలు. 1994లో సెర్గీ సుఖరేవ్, కుంగ్ తదితరులు వీటిలో పెద్దదైన ఎంఎస్‌సిఎల్ జన్యువును గుర్తించారు. అయితే దానిని తొలగించినా బాక్టీరియా మామూలుగానే బతికింది. మరి ఈ మార్గం నిజంగా కణాన్ని కాపాడుతున్నదా అన్న సందేహం మిగిలింది.

1999లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో ఇయాన్ బూత్ బృందం ఈ సందేహాన్ని తీర్చింది. వారు ఎంఎస్‌సిఎస్ అనే మరో మార్గపు జన్యువును గుర్తించారు. ఏదో ఒకదాన్ని తొలగిస్తే కణాలు బతికాయి. రెండింటినీ తొలగిస్తే చాలావరకు చనిపోయాయి. అంటే పీడనం పెరిగినప్పుడు ఈ మార్గాలు తెరుచుకుని, అయాన్లను, చిన్న అణువులను బయటికి వదులుతాయి. ఒకటి లేనప్పుడు రెండోది ఆ పని చేస్తుంది.

ఒక జన్యువును తొలగించినప్పుడు మార్పు కనిపించనంత మాత్రాన దానికి విధి లేదని నిర్ధారించరాదు. ఈ చరిత్ర నుంచి మీరు ముఖ్యంగా గ్రహించవలసింది ఇదే.